పాడైన బ్యాకప్ డిస్కు గురించి ఫోన్ చేస్తే ఫార్మాట్ నొక్కమన్నారు

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఏడు నెలలకే పాడవడం, మీ ఫోన్ సిబ్బంది ఇచ్చిన సలహా, వారంటీ షరతులపై ఫిర్యాదు.

అయ్యా,

నేను తెనాలి నుంచి రాస్తున్నాను. గత జూన్‌లో మీ కంపెనీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ 6,400 రూపాయలు పెట్టి కొన్నాను. వారంటీ మూడేళ్లు. జనవరి రెండో వారంలో అది పాడైంది. బిల్లు, డబ్బా ఫొటో, మీవాళ్లు ఇచ్చిన కంప్లైంట్ నంబరు దీనితో జత చేశాను.

తిరిగే వస్తువు ఏదైనా ఏదో ఒకరోజు ఆగిపోతుంది, అది నాకు తెలుసు. డిస్కు పాడైందని మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవార్లూ ఆడిన రాయబారాలు, కాటిసీన్లు, మా ఇంటి వసారాలో జరిగిన రిహార్సల్సు, అన్నీ చిన్న టేప్ రికార్డర్‌లో పట్టుకునేవారు. ఆయన పోయాక 140 క్యాసెట్లు మిగిలాయి. కొన్నిటికి బూజు పట్టింది. కొన్ని ఒక్కసారి తిప్పగానే తెగిపోయాయి, అంటే మళ్లీ వినాలంటే కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీయే గతి. మంచి నాణ్యతతో, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తే 90 నిమిషాల క్యాసెట్ ఒక్కోటి 3 జీబీ దాటుతుంది. మొత్తం 430 జీబీ పైమాటే. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 512 జీబీ. అందుకే మీ డిస్కు కొన్నాను.

షాపులో రెండు చూపించారు. తిరిగే భాగాలేవీ లేని 1 టీబీ ఎస్ఎస్‌డీ ధర ఎక్కువ, మీ 2 టీబీ హార్డ్ డిస్క్ ధర తక్కువ. రోజూ ఫైళ్లు తెరిచి, గరగర శబ్దం తీసేసి మళ్లీ అందులోనే సేవ్ చేస్తానని షాపతనికి చెప్పాను. అతను డబ్బా తిప్పి చూసి, 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్ల వేగం) అని రాసుంది, ఇబ్బందేమీ ఉండదన్నాడు. అతన్ని తప్పుపట్టలేను, డబ్బా మీద అంతకంటే ఏముంది గనక! ఆ 5 జీబీపీఎస్ యూఎస్‌బీ దారి వెడల్పు మాత్రమే. దాని మీద నడిచే బండి వేగం మీరెక్కడా రాయలేదు. కాపీ మొదలుపెట్టినప్పుడు సెకనుకు 110 ఎంబీ వచ్చేది, కాసేపటికి 15కు పడిపోయేది.

ఎందుకలా అని వెతికితే తెలిసింది, అది ఎస్ఎంఆర్ డిస్కు. డేటా రాసే గీతల్ని పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పరుస్తారు. దానివల్ల తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. కానీ మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ ఎత్తి మళ్లీ పరచాల్సిందే. ఒకసారి రాసి పక్కన పెట్టేవాళ్లకు అది చాలు, నాలా రోజూ దిద్దేవాడికి కాదు. లోపల బిగించే డ్రైవుల్లో ఈ సంగతి దాచారని 2020లో పెద్ద గొడవే జరిగింది. అప్పుడు కంపెనీలు ఏ మోడల్ ఏదో వెబ్‌సైట్లలో పెట్టాయి. మీ డబ్బా మీద ఈరోజుకీ ఆ ఒక్క మాట లేదు. డిస్కు పాడవడానికి ఇదే కారణమని నేను అనడం లేదు. ముందే తెలిస్తే వేరేది కొనేవాణ్ణి, అదీ నా బాధ.

జనవరిలో ఒకరోజు డిస్కులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. వాడాలంటే ఫార్మాట్ చేయాలని, అంటే ఉన్నదంతా చెరిపేసి కొత్తగా సిద్ధం చేయాలని, స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. వెంటనే మీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాను. మాట్లాడిన అబ్బాయి డిస్కులో ఏముందని అడగలేదు, ఇంకో కాపీ ఉందా అని అడగలేదు. ‘‘ఫార్మాట్ నొక్కండి సార్, సరిపోతుంది’’ అన్నాడు. టెన్షన్‌లో వేలు మౌస్ మీదే ఉంది. మా అమ్మాయి పక్కన లేకపోతే నొక్కేసేవాణ్ణే. ఈ ఉత్తరంలో మీరు మిగతావి చదవకపోయినా ఈ పేరా చదవండి.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో, పాడైన డిస్కుల్లోంచి డేటా బయటికి తీసే (డేటా రికవరీ) ఒకాయనకు చూపించాను. యూఎస్‌బీ పోర్టును డిస్కు బోర్డు మీదే అతికించారట, డిస్కును నేరుగా కంప్యూటర్‌కు కలిపే మామూలు సాటా కేబుల్ పెట్టే వీల్లేదు. నేను పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం వేసినట్టు రహస్య సంకేతాల్లోకి మార్చే, రాస్తుందట. విప్పి చూడటానికి 25 వేల దాకా అవుతుందన్నారు, విప్పితే వారంటీ పోతుందనీ చెప్పారు. మీ సర్వీస్ సెంటర్‌ను అడిగితే, డిస్కు మాకిచ్చేయండి, డేటాతో మాకు సంబంధం లేదు, బదులుగా బాగుచేసిన డిస్కు ఇస్తాం అన్నారు. ఖాళీ డిస్కు నేనేం చేసుకోను?

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. ఒకేచోట ఉన్నదాన్ని బ్యాకప్ అనరు. ల్యాప్‌టాప్‌లో చోటు కోసం అక్కడివి తీసేశాను. సుమారు 50 క్యాసెట్లవి ఇప్పుడు ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేవు. కానీ జ్ఞాపకాలు భద్రమని డబ్బా మీద వేసుకున్నది మీరే కదా.

నాకు కావాల్సింది ఇది. రికవరీ కోసం డిస్కు విప్పినా వారంటీ చెల్లుతుందని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ పని అయ్యాక కొత్త డిస్కు గానీ 6,400 రూపాయలు గానీ ఇవ్వండి. బాగుచేసినది వద్దు. రికవరీ ఖర్చులో మీరెంత భరిస్తారో కూడా తెలపండి. ఎస్ఎంఆర్ అన్న సంగతి, ఎన్‌క్రిప్షన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందన్న సంగతి డబ్బా మీద కనిపించేలా వేయండి. ఫోన్ ఎత్తేవాళ్లకు ‘ఇంకో కాపీ ఉందా’ అన్న ప్రశ్న మొదట అడగడం నేర్పండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లుంది.

డిస్కును మాత్రం ప్రస్తుతానికి పంపను. కంప్యూటర్‌కు తగిలించకుండా గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. పికప్ కోసం మీ కొరియర్ మనిషి ఇప్పటికి రెండుసార్లు మా ఇంటికొచ్చి వెళ్లాడు. దయచేసి ఆ ఆర్డరు రద్దు చేయించండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తెనాలి