షుగర్ గ్లైడర్ కొనేవాళ్లకు అమ్మేవాళ్లు చెప్పని లెక్కలు

సంపాదకులకు,

చొక్కా జేబులోంచి పెద్ద పెద్ద కళ్లతో తొంగిచూసే బుల్లి జీవి, పిలవగానే గాల్లో తేలి వచ్చి భుజమ్మీద వాలుతుంది. ఇలాంటి రీల్స్ చూసి షుగర్ గ్లైడర్ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లు ఇప్పుడు మన నగరాల్లోనూ కనిపిస్తున్నారు. ఆ అర నిమిషం వీడియో వెనక వారాల ఓపిక, రోజూ తూచి పెట్టే తిండి ఉంటాయి. పత్రికల్లో పెంపుడు జంతువుల శీర్షికలు కుక్కనూ పిల్లినీ దాటి రావడం తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓర్చుకోగలరు.

ముందు పేరు సంగతి. దీన్ని 'ఎగిరే ఉడుత' అని చెప్పి అమ్ముతారు. ఇది ఉడుత జాతి కాదు. కంగారూలా పొట్టసంచిలో పిల్లను మోసే జంతువు. పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ. పెద్దది కూడా 150 గ్రాములు దాటడం అరుదు. ముంజేతి నుంచి కాలి దాకా సాగే చర్మపు పొరతో 50 మీటర్ల వరకు తేలుతూ పోగలదు. మన తూర్పు కనుమల్లో ఉండే అసలు ఎగిరే ఉడుత వేరు. దాన్ని పట్టినా పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పేరు మార్చి అడవి పిల్లను అంటగట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులు ఎక్కడున్నాయి, బిల్లు ఇస్తారా అని అడగాలి. సామానులో దాచి విదేశాల నుంచి తెచ్చిన జంతువులు విమానాశ్రయాల్లో పట్టుబడుతున్న వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఒక మాట: కాలిఫోర్నియా, హవాయి, అలస్కా రాష్ట్రాల్లో వీటిని పెంచడం నిషేధం. టెక్సస్‌లో ఉద్యోగం చేస్తూ కొని, కాలిఫోర్నియాలోని బే ఏరియాకు మారితే చిక్కే.

ఒక్కదాన్ని కొనొద్దు. అడవిలో ఇవి గుంపుగా, ఒకే తొర్రలో ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి. ఒంటరిగా ఉంచితే కొన్ని తమ తోకనో కాలునో తామే కొరుక్కుంటాయి, బొచ్చు పీక్కుంటాయి. మనిషి ఎంత ముద్దు చేసినా రాత్రి రెండింటికి లేచి దానితో ఆడలేడు కదా. ఆడదీ, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన మగదీ కలిపితే మంచి జత. ఒకే కాన్పు పిల్లల్ని 'జత' అని ఇస్తే, మగదానికి ఆ చికిత్స చేయించకపోతే తోబుట్టువుల మధ్యే సంతానం కలుగుతుంది. ఇంకోటి: ఎదిగిన మగదాని నడినెత్తిన వెంట్రుకలు లేని మచ్చ ఉంటుంది. అది వాసన గ్రంథి. తామరేమోనని మందు పూసి వాసన చెడగొట్టేవాళ్లున్నారు.

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు పోయేది తిండి దగ్గర. పండ్లంటే పడి చస్తుంది, కాబట్టి పండ్లే పెడతారు. దీని శరీరానికి ఫాస్ఫరస్ కంటే కాల్షియం ఎక్కువ కావాలి. తినే మొత్తంలో రెండు పాళ్ల కాల్షియానికి ఒక పాలు ఫాస్ఫరస్ ఉండేలా చూసుకోవాలి. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం సుమారు 5 మిల్లీగ్రాములైతే ఫాస్ఫరస్ 22. స్వీట్‌కార్న్‌లో 2 అయితే 89! బొప్పాయిలో 20కి 10, అంటే సరిగ్గా కావలసిన పాళ్లు. లెక్క తప్పితే రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. వారాలు గడిచాక ఒకరోజు దూకబోయి జారిపడుతుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది, వణుకుతుంది. దెబ్బ తగిలిందేమో అనుకుని రెండ్రోజులు చూద్దామంటే ఆలస్యమైపోతుంది. ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

రోజుకు ఒంటి బరువులో 15 నుంచి 20 శాతం తిండి కావాలి. అంటే 120 గ్రాముల జీవికి 18 నుంచి 24 గ్రాములు. అందులో సగం లెడ్‌బీటర్ మిశ్రమం పెట్టడం చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. గోరువెచ్చని నీళ్లు 150 మిల్లీలీటర్లు, తేనె 150 మిల్లీలీటర్లు, ఉడికించి పెంకు తీసిన గుడ్డు ఒకటి, ప్రొటీన్ ఎక్కువున్న బేబీ సీరియల్ 25 గ్రాములు, వైద్యుడు సూచించిన విటమిన్-మినరల్ పొడి ఒక టీస్పూన్. ముందు నీళ్లలో తేనె కలిపి పక్కన పెట్టుకోవాలి. మిక్సీలో గుడ్డును మెత్తగా చేసి ఆ తేనెనీళ్లు కొద్దికొద్దిగా పోయాలి, తర్వాత పొడి, చివర సీరియల్. ఉండలు ఉండకూడదు. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఏ రోజుకారోజు ఒక ముక్క కరిగించి పెట్టొచ్చు. మిగతా సగంలో ప్రధానంగా పురుగులు లేదా పురుగులు తినే జంతువుల కోసం చేసే దాణా ఉండాలి, పండూ కూరా కాస్త రుచికి. మీల్‌వార్మ్‌లకు (మేతగా అమ్మే పురుగులకు) కాల్షియం పొడి అద్దకుండా పెడితే మళ్లీ పాత కథే, వాటిలోనూ ఫాస్ఫరసే ఎక్కువ. ఇంట్లో పట్టిన బొద్దింకలు, మిడతలు వద్దు, ఏ మందు తిని వచ్చాయో తెలియదు. చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, అవకాడో అసలు పనికిరావు. సాయంత్రం చీకటి పడ్డాక గిన్నె పెట్టి, పొద్దున్నే తీసేయాలి. మన ఎండల్లో తేనె మిశ్రమం పగటిదాకా ఉంటే పులిసిపోతుంది.

అడవిలో వీటికి ఇష్టమైన ఆహారాల్లో ఒకటి అకేసియా చెట్ల బంక. ఆ కుటుంబపు చెట్టే మన తుమ్మ. శుభ్రమైన, తినడానికి పనికొచ్చే తుమ్మబంకను నీళ్లలో నానబెట్టి కొమ్మకు పూస్తే గీకుతూ నాకుతూ చాలాసేపు కాలక్షేపం చేస్తుంది. రోడ్డు పక్క చెట్టుది మాత్రం వద్దు.

ఇక మచ్చిక. దీనికి మనిషి ముఖం కంటే ముందు వాసన గుర్తుంటుంది. ఇంటికి తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు చేయి పెట్టకూడదు. ఒంటికి తగిలేలా ఒక రాత్రి ఉంచుకున్న ఫ్లీస్ గుడ్డముక్క దాని నిద్రసంచిలో వేస్తే చాలు. ఆ వారాల్లో సబ్బు, తలనూనె, సెంటు మార్చకండి. అగరొత్తుల పొగ, సాంబ్రాణి ఆ గదిలోకి రానీయకండి. పంజరంలో గుడ్డలన్నీ ఒకేసారి ఉతికేస్తే తన వాసన పోయి కంగారుపడుతుంది, అందుకే సగం ఉతికి సగం ఉంచాలి.

తర్వాత సంచి పని. జిప్పు, గాలాడే జాలీ ఉన్న సంచిలో అది నిద్రపోతుండగా మెడలో వేసుకుని, గుండెకు ఆనేలా పగలు రెండు మూడు గంటలు ఇంట్లో తిరగాలి. వంటింట్లో పొయ్యి దగ్గరకు మాత్రం కాదు. మధ్యలో మెల్లగా చేయి లోపలికి పోనిచ్చి కదపకుండా ఉంచండి. అప్పుడు వస్తుంది అసలు పరీక్ష: కీచురాళ్ల గుంపు ఒక్కసారిగా అరిచినట్టు గరగరమంటుంది. అంత చిన్న ఒంట్లోంచి అంత చప్పుడు వస్తుందని ఎవరూ ఊహించరు. అది భయం, కోపం కాదు. ఉలిక్కిపడి చేయి లాక్కుంటే, అరిస్తే చేయి పోతుందని అది నేర్చుకుంటుంది. పిడికిలి మూసి, చేతి వెనకవైపు చూపించి, కదలకుండా ఉండాలి. సద్దుమణిగాక వేలికి చక్కెర కలపని పెరుగు బఠాణీ గింజంత రాసి నాకనివ్వాలి. పండుముక్క వేళ్ల కొసన పట్టుకుని అందిస్తే వేలినీ ముక్కనూ వేరు చేయలేక కొరుకుతుంది, పైగా లాక్కుని పారిపోతుంది. నాకాలంటే మన దగ్గరే ఉండాలి, కిటుకు అదే.

రాత్రి దాని మెలకువ వేళలో అరగంట, గంట చిన్న గుడారంలో దానితో కూర్చోవాలి. పిలవొద్దు, పట్టుకోవద్దు, కొమ్మ అనుకుని అదే ఎక్కనివ్వండి. దోమతెరను గుడారంలా వాడితే సన్నటి రంధ్రాల్లో గోళ్లు చిక్కుకుంటాయి, నేత గుడ్డదే మేలు. తోక పట్టి ఎత్తడం ఎప్పుడూ వద్దు. పొట్టసంచి నుంచి బయటికి వచ్చి ఎనిమిది నుంచి పన్నెండు వారాలైన పిల్లయితే కొన్ని వారాల్లో దారికొస్తుంది. చేతులు మారి భయపడ్డ పెద్దదానికి నెలలు పట్టొచ్చు. గోళ్లు గుచ్చుకుంటున్నాయని కత్తిరించేవాళ్లు కొసలు మాత్రమే తీయాలి. వెనక పాదంలో రెండో మూడో వేళ్లు కలిసి ఉంటాయి, అవి బొచ్చు దువ్వుకునే దువ్వెన, వాటి జోలికి పోకూడదు.

పంజరం కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 90 ఎత్తు ఉండాలి. కమ్మీల మధ్య 1.2 సెంటీమీటర్లకు మించొద్దు. కోళ్లకు వాడే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) జాలీకి మూత్రం తగిలి పూత లేస్తే జింకు ఒంట్లోకి పోతుంది. పైకి జరిపే తలుపును ఇట్టే ఎత్తేస్తుంది, క్లిప్పు పెట్టాలి. టర్కీ తువ్వాళ్ల ఉచ్చుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. నడుమ ఇరుసున్న చక్రంలో తోక చుట్టుకుంటుంది. కింద ట్రేలో పరచడానికి పాత దినపత్రికే మేలు, మీరేమీ అనుకోకండి. పంజరం నుంచి గదిలోకి వదిలే ముందు ఫ్యాను ఆపాలి, కమోడ్ మూత వేయాలి, బకెట్లు బోర్లించాలి.

24 నుంచి 27 డిగ్రీలు దీనికి హాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఇది బతకదు. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పంజరానికి ఆనించాలి. చలిలో దీనికి విరుద్ధం: ఒళ్లు చల్లబడి బిగుసుకుని కదలకుండా పడి ఉంటే చనిపోయిందనుకోవద్దు. గుండెకు ఆనించి మెల్లగా వెచ్చబరుస్తూ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

కుక్కలకు ఇంజెక్షన్లు వేసే ప్రతి క్లినిక్‌లో దీనికి మత్తు, మందు మోతాదు తెలిసినవారు ఉండరు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లోనూ, దగ్గరి క్లినిక్‌లలోనూ 'దీన్ని చూస్తారా, రాత్రివేళ వస్తే ఎవరుంటారు' అని విచారించుకుని, సరేనన్నాకే బయానా ఇవ్వండి.

ఇట్లు,
షుగర్ గ్లైడర్లు పెంచే ఇద్దరు పాఠకులు,
హైదరాబాద్