మాన్పించే మనిషి మండలంలోనే ఉండాలి
వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి ప్రకాశం జిల్లా పొగాకు రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర ఒక పల్లె. పొగాకు రైతును. పెళ్లికి ముందు మొదలైన సిగరెట్టు మా అమ్మాయికి సంబంధాలు చూసే వయసు వచ్చేదాకా నన్ను వదల్లేదు. ఇప్పుడు మానేశాను. నీ పట్టుదల గొప్పదని ఊళ్లో కొందరు మెచ్చుకుంటారు. పట్టుదల అంతకుముందూ ఉంది, లేనిది తోడు. ఆ తోడు నాకు అనుకోకుండా దొరికింది. మానాలనుకునే ప్రతి మనిషికీ అది ప్రభుత్వం తరఫున దొరికేలా చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

పొగాకు పండించేవాడివి, నీకెందుకీ గొడవ అని మావాళ్లే అంటారు. పంట నా బతుకుతెరువు. వేరే పంటకు మారాలంటే అప్పు తీరాలి, నీళ్లుండాలి, కొనేవాడుండాలి. అది ఇంకో ఉత్తరం రాయాల్సిన సంగతి. పండించేవాడి ఊపిరితిత్తులకు కూడా వైద్యం కావాలి కదండీ.

మా ప్రాంతంలో ఈ పంట చుట్టూ ఎంత ఏర్పాటు ఉందో మీకు తెలియంది కాదు. పొగాకు బోర్డు 1976లో వచ్చింది, గుంటూరులో దాని ప్రధాన కార్యాలయం. ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాన్ని బ్యారన్ అంటాం, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎన్ని కిలోలు పండించాలో ముందే లెక్క కడతారు. బోర్డు సిబ్బంది పొలానికి వచ్చి పంట చూసి వెళ్తారు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, అటు నెల్లూరు వైపు కలిగిరి, డీసీ పల్లి, ఇలా వరసగా వేలం కేంద్రాలు. నారుమడి దగ్గర్నుంచి ఆకు చెక్కు (బేలు) కాటా ఎక్కేదాకా రైతును పేరు పెట్టి పలకరించే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. అదే ఆకుకు అలవాటు పడ్డ మనిషి మానాలనుకుంటే మా మండలంలో ఎవరి గడప తొక్కాలి? నేను వెతుక్కున్న రోజుల్లో ఆ గడప నాకు కనపడలేదు.

ఈ అలవాటు మా దగ్గర ఎక్కడ ముదురుతుందో చెప్తాను. సంక్రాంతి చుట్టుపక్కల బ్యారన్లు వెలుగుతాయి. ఒకసారి ఆకు ఎక్కిస్తే దాదాపు వారం మంట ఆగకూడదు. ఆకు పచ్చ నుంచి పసుపుకు తిరిగేటప్పుడు వేడి కాస్త అటూ ఇటూ అయినా రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. అందుకని రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని కట్టె ఎగదోస్తూ, మాటిమాటికీ లేచి థర్మామీటరు చూసుకోవాలి. నిద్ర ఆపుకోవడానికి టీ, టీ తర్వాత సిగరెట్టు, లేకపోతే బీడీ. పక్క బ్యారన్ మనిషి పలకరించేదే అగ్గిపెట్టె అడగడంతో. కొత్తగా పనికి వచ్చిన కుర్రాడు కూడా అక్కడే నేర్చుకుంటాడు. మానడమంటే ఆ మనుషుల మధ్య నుంచి లేచి వెళ్లిపోవడమే అనిపిస్తుంది. నికోటిన్ ఎంత పట్టి ఉంచుతుందో, ఆ కూడిక కూడా అంతే పట్టి ఉంచుతుంది. మందు ఒక్కటే ఇచ్చినా, మాట ఒక్కటే చెప్పినా పని జరగదని నేననేది అందుకే.

ఒక చలికాలం దగ్గు ఎంతకీ తగ్గక పెద్దాసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీయించారు. డాక్టరు గారు ఫిల్ము చూసి, "సిగరెట్లు మానెయ్" అన్నారు. ఎలాగండీ అంటే, "అది నీ చేతిలో ఉంది" అన్నారు. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఇంకో రెండు నిమిషాలు నాకు ఇవ్వడానికి ఆయనకు వీలు లేదు. ఆ మాట అందుకుని తర్వాతి సంగతి చెప్పే మనిషి ఆయన పక్కన ఉండాల్సింది.

నాకు ఆ మనిషి మా ఊరి ఆశా కార్యకర్త. బీపీ చూడ్డానికి వచ్చి, "బాబాయ్, సిగరెట్ పెట్టె మీద ఒక నంబరు ఉంటుంది, డబ్బులేం పడవు, చేసి చూడు" అంది. 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్లకు ఫోన్లో సాయం చేసే క్విట్‌లైన్ అది, దేశమంతటికీ పనిచేస్తుంది. 2018 నుంచి పెట్టెల మీద అచ్చు వేస్తున్నారు. మా బ్యారన్ల దగ్గర అడిగి చూస్తే దాని సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోన్లో తెలుగులోనే మాట్లాడారు. తిట్టలేదు, భయపెట్టలేదు. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, ఎవరితో ఉన్నప్పుడు ఎక్కువ తాగుతారు అని అడిగారు. మానే తేదీ ఒకటి అనుకుని ఇంట్లోవాళ్లకు, టీ కొట్టు దగ్గర, పని దగ్గర ముందే చెప్పేయమన్నారు. తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కున్నారు.

మొదటి మూడు నాలుగు రోజులు గండం అన్నారు, అలాగే ఉంది. చిరాకు, తలనొప్పి, నిద్ర లేకపోవడం, ఊరికే టెన్షన్. నా భార్య ఆ రోజుల్లో నా మాటకు మాట చెప్పలేదు. "మీ నాన్నకు జ్వరం అనుకోండి, నాలుగు రోజులు ఓర్చుకోండి" అని పిల్లలకు చెప్పిందట. తాగాలన్న యావ వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఎలాగోలా దాటిస్తే అదే సద్దుమణుగుతుందని ఫోన్లో చెప్పిన మాట నన్ను నిలబెట్టింది. ఎంతసేపుంటుందో తెలిస్తే ఓర్చుకోవచ్చు. తెలియక, జీవితాంతం ఇలాగే ఉంటుందేమోనని భయపడే చాలామంది మళ్లీ వెలిగిస్తారు.

మా టీ కొట్టు అబ్బాయి చేసిన సాయం మీకు ప్రత్యేకంగా చెప్పాలి. సిగరెట్లు అమ్మితేనే అతనికి నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా నేను తేదీ చెప్పిన దగ్గర్నుంచి నా టీ గ్లాసు పక్కన కాగితం ముక్కలో కాస్త సోంపు, పటికబెల్లం పలుకులు పెట్టేవాడు. ఎవరైనా నా వైపు సిగరెట్టు చాపితే, "మామకు వద్దులే, మానేశాడు" అని నలుగురికీ వినపడేలా అనేవాడు. ఆ మాట నలుగురి చెవిన పడ్డాక మళ్లీ చెయ్యి చాపడం కష్టం. మా బావమరిది కూడా నాతో పాటే మానతానన్నాడు. రాత్రుళ్లు యావ వచ్చినప్పుడల్లా ఇద్దరం లేచి, వేయించిన వేరుశనక్కాయలు జేబులో పోసుకుని బ్యారన్ చుట్టూ తిరిగేవాళ్లం. వాడు తిరునాళ్లలో మళ్లీ మొదలుపెట్టాడు. ఎవరం ఎగతాళి చేయలేదు. ఇంకో తేదీ అనుకున్నాడు, ఈసారి నిలబడ్డాడు. ఒక్క ప్రయత్నంతో మానేసేవాళ్లు తక్కువ. రెండోసారి వచ్చిన మనిషిని మొదటిసారి వచ్చినవాడిలాగే కూర్చోబెట్టి మాట్లాడాలని మీ సిబ్బందికి చెప్పండి.

ఇక మానేటప్పుడు యావ తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ సంగతి. తక్కువ మోతాదు గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, ఎలా వాడాలో మాత్రం చెప్పరు. బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే గొంతు మండుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, కడుపులో తిప్పుతుంది. ఇదేం మందురా అని ఉమ్మేస్తారు. దాన్ని నిదానంగా నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య అదిమిపెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి. ఒక్క బిళ్ల అలా అరగంట వస్తుంది. నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఒంట్లోకి పోతుంది, ఊరిన నీళ్లు మింగితే లాభం లేదు. పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. ఇంతే, రెండు నిమిషాల్లో చేసి చూపించొచ్చు. ఆశా అమ్మాయి ఎవరినో కనుక్కుని వచ్చి చూపించబట్టి మాకు అది పనికొచ్చింది.

కొనే సంగతి కూడా చూడండి. సిగరెట్టు ఒక్కటి కొనుక్కోవచ్చు, గమ్ అయితే షీటు కొనాలి. రోజు కూలి మీద బతికే మనిషి ఆ షీటు దగ్గరే ఆగిపోతాడు. ఇలా గమ్ లాంటివాటితో చేసే నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో జాతీయ జాబితాలో చేర్చింది. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఉచితంగా ఇచ్చే కిటికీ దగ్గరే దీన్నీ ఇప్పించండి.

నంబరు పెట్టె మీద ఉందన్నాను. మా వైపు పెట్టె కొనేవాళ్లు తక్కువ, బడ్డీ కొట్లలో ఒకటీ రెండూ లూజుగా కొనేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఆ నంబరూ కనపడదు, హెచ్చరిక బొమ్మా కనపడదు. మహారాష్ట్ర 2020లో లూజు అమ్మకాన్ని నిషేధించింది. మన రాష్ట్రంలో ఏం చేయాలో మీరు ఆలోచించండి. ఆలోపు ఆ నంబరును పెద్దక్షరాలతో బస్టాండ్లలో, సచివాలయాల గోడల మీద, వేలం కేంద్రాల గేట్ల దగ్గర రాయించండి. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 పొగాకు నియంత్రణ చట్టం చెప్తోంది. పల్లెల్లో దాన్ని కొలిచి చూసే దిక్కు లేదు, దాని మీద కూడా ఒక కన్నెయ్యండి.

30 ఏళ్లు దాటినవాళ్ల వివరాలకు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారంలో పొగాకు వాడతారా అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. దానికి మార్కులూ ఉన్నాయి. అవునన్న మనిషికి తర్వాత ఏం చేయాలో మా ఊరి అమ్మాయికి ఎవరూ నేర్పలేదు, తన మంచితనం కొద్దీ చేసింది. 2016-17లో దేశమంతా జరిపిన వయోజనుల పొగాకు సర్వేలో పొగతాగేవాళ్లలో 55 శాతం మంది మానాలని అనుకుంటున్నట్టు చెప్పారు. ఆ లెక్కన ఆమె రాసుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరు సాయం అడగడానికి సిద్ధంగానే ఉన్నట్టు. వక్కాకుతో పొగాకు నమిలే ఆడవాళ్లను కూడా ఇందులో కలపండి, సిగరెట్టు లేదు కదా అని వాళ్లను అడగడమే మానేస్తున్నారు.

ఈ మాన్పించే ఏర్పాటు జిల్లా ఆసుపత్రిలో పెడితే సరిపోతుందని అధికారులు మీకు చెప్పొచ్చు. ఉదయగిరి కొండ కింద పల్లె నుంచి నెల్లూరు పోయి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. మానడానికి ఒక్కసారి వెళ్తే చాలదు, మొదటి నెలలో వారం వారం మాట్లాడే మనిషి కావాలి. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక పూట అడుగుతున్నాను. శిక్షణ ఉన్న ఒక నర్సు, గమ్ నిల్వ, మానాలనుకునేవాళ్లు తమ ఇంట్లోవాళ్లతో వచ్చి కూర్చునే పది కుర్చీలు ఉంటే చాలు.

వచ్చే సంక్రాంతికి బ్యారన్లు వెలిగేలోపు కొండపి, కలిగిరి లాంటి రెండు మూడు మండలాల్లో మొదలుపెట్టి చూడండి. మానేసిన మాలాంటివాళ్లను పిలవండి, జీతం ఏమీ అక్కర్లేదు, వచ్చి కూర్చుంటాం. మా బావమరిది కూడా వస్తానన్నాడు. టైము మాత్రం సాయంత్రం ఆరు తర్వాత పెట్టించండి, ఆలోపు మాకు పొలం పని తెమలదు.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా