మెడ గడ్డకు తెమడ డబ్బా ఎందుకు? వైద్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. టీబీ అనుమానం అనగానే మన ఆసుపత్రుల్లో తెమడ డబ్బా చేతిలో పెడతారు. దగ్గే లేని మనిషి తెమడ ఎక్కడి నుంచి తెస్తాడు? ఊపిరితిత్తులకు బయట వచ్చే టీబీలో మన దేశంలో ఎక్కువగా కనిపించేది లింఫు గ్రంథుల టీబీయే, అందులోనూ మెడ దగ్గరిదే.

మా మేనకోడలికి మెడ పక్కన రేగుపండంత బిళ్ల కట్టింది. నొప్పి లేదు. సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చబడేది, అంతే. ఆర్ఎంపీ యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇచ్చాడు. పసరు కట్టూ అయింది. పెళ్లి కావలసిన పిల్ల కదా, ఎండాకాలంలోనూ మెడ చుట్టూ చున్నీ తీయలేదు. ఊపిరితిత్తులు బాగుంటే ఈ జబ్బు పక్కవారికి అంటదని ఆమెకు చెప్పినవారు లేరు. చివరికి ఒక ఆసుపత్రిలో తెమడ, ఛాతీ ఎక్స్‌రే చూసి ‘టీబీ లేదు’ అని చీటీ రాసిచ్చారు. ఛాతీ శుభ్రంగా ఉన్నా మెడలో టీబీ ఉండవచ్చని ఆ రాసినవారికి తెలియదనుకోను. తీరిక లేకపోయి ఉంటుంది.

తర్వాత మరోచోట గడ్డ కోసి, ముక్క మొత్తాన్ని, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వేశారు. నా అసలు ఫిర్యాదు ఇదే. ఫార్మలిన్‌లో పడితే క్రిములు చస్తాయి, ఇక క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు దారి లేదు. క్రిమి జన్యువును యంత్రంతో వెతికే సీబీనాట్ పరీక్షకూ ఆ ముక్క పనికిరాదు. సూక్ష్మదర్శినిలో చూసి ‘టీబీలా ఉంది’ అన్నారు కానీ, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెప్పలేకపోయారు. కొంత ముక్క సెలైన్ గొట్టంలో వేసి పంపి ఉంటే సీబీనాట్ యంత్రం ఆ సంగతి సుమారు రెండు గంటల్లో తేల్చేది. చాలామందికి అసలు కోతే అక్కర్లేదు, సూదితో తీసిన కాస్త ద్రవం చాలు.

అందుకని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. రెండు వారాలు దాటినా తగ్గని మెడ బిళ్లకు సూది పరీక్ష చేయాలి. తీసినదాంట్లో కొంత స్లైడు మీదికి, మిగతాది సెలైన్‌లో సీబీనాట్‌కో, అలాంటిదే అయిన ట్రూనాట్ పరీక్షకో వెళ్లాలి. రెండూ కావాలి, ఎందుకంటే లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ కూడా ఇలా నొప్పి లేని గడ్డగానే మొదలవుతుంది. గ్రంథుల్లో క్రిములు తక్కువ కాబట్టి యంత్రంలో కనబడనంత మాత్రాన టీబీ లేదని పంపేయకూడదు. అలాగని ఉత్త అంచనా మీద ఆరు నెలల మందులు మింగించడమూ నాకు సబబుగా తోచదు.

ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల వారిని వరంగల్ దాకా తిప్పవద్దు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ వాహనాల్లో రక్తం నమూనాలు వస్తూనే ఉన్నాయి కదా, ఈ గొట్టమూ వాటితోనే వస్తుంది. ఇంకో మాట. టీబీ అని తేలి, ప్రభుత్వం టీబీ రోగులను నమోదు చేసే నిక్షయ్‌లో పేరెక్కితేనే పోషణ సాయం అందుతుంది. 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు చేశారు, సంతోషమే. పరీక్షే సరిగా జరగనివారికి ఆ డబ్బు ఎలా చేరుతుంది?

ఉత్తర్వు ప్రతిని ప్రతి ఆసుపత్రి ల్యాబ్ గోడకు అంటించమనండి. ఫార్మలిన్ సీసా బయటికి తీస్తే ఆ ఉత్తర్వును చూపించి అడుగుతాం.

ఇట్లు,
ఒక రోగి మేనమామ,
వరంగల్ జిల్లా