ఒడిశా న్యాయశాఖ మంత్రిగారికి, ఆ వంద రూపాయల లెక్క గురించి

మంత్రిగారూ, నమస్కారం. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ళ వ్యాపారం మాది, నేనూ మా బావమరిదీ సగం సగం. స్టాంపు పేపర్ మీద పార్టనర్‌షిప్ డీడ్ ఉంది, పాన్ ఉంది, జీఎస్టీ ఉంది, ఫర్మ్ పేరు మీద కరెంట్ అకౌంట్ కూడా ఉంది, ఇంకేటి కావాలండీ అనుకున్నాం.

మా జిల్లాలోనే ఒక హోల్‌సేల్ ఆయన 2 లక్షల 86 వేలు బాకీ పెట్టి రేపు, ఎల్లుండి అని రెండేళ్ళు తిప్పాడు. కోర్టుకెళ్ళాం. మా బావమరిది బిల్లు బుక్కులన్నీ గోనెసంచిలో మోసుకొచ్చాడు, ప్రతి బిల్లు వెనకా "సరుకు ముట్టింది" అని ఆయన సంతకమే. అవతలి లాయరు ఆ సంచి విప్పనివ్వలేదు, ఫర్మ్ రిజిస్టర్ అయిందా అని ఒక్క ముక్క అడిగాడు, అంతే. రిజిస్టర్ కాని ఫర్మ్ బాకీ దావా వేస్తే చెల్లదట, పార్టనర్‌షిప్ చట్టం 69వ సెక్షన్ అట. సరే ఇప్పుడు చేయిస్తాం అంటే దావా వేసిన రోజుకే అయ్యుండాలట, లేదంటే ఇది వెనక్కి తీసుకుని కొత్తది వెయ్యాలట, ఈలోపు మూడేళ్ళ గడువు కాస్తా దాటిపోయింది.

తమాషా ఏంటంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఆ చట్టం ఎక్కడా అనదు. చేయించుకోకపోతే మాత్రం మనం ఎవరిమీదా బాకీ దావా వెయ్యలేం, మనమీద మాత్రం ఎవరైనా వెయ్యొచ్చు. పక్క షాపాయన ఒక్కడే నడుపుతున్నాడు కాబట్టి ఆయనకి ఈ బాధే లేదు. వంద రూపాయలు దాటని చిన్న దావాలకి మినహాయింపు ఉందట, 1932 నాటి లెక్క, ఇవాళ వందకి నా పచ్చడి సీసా ఒకటి రాదు.

సెంట్రల్ చట్టం మా చేతిలో లేదనకండి. పార్టనర్‌షిప్ కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యగల ఉమ్మడి జాబితాలో ఉంది, అసెంబ్లీలో సవరణ పాస్ చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవచ్చు, మహారాష్ట్ర 1984లో ఈ చట్టాన్నే మార్చుకుంది. కాకపోతే వాళ్ళలా ఇంకా బిగించొద్దు, విడిపోయిన పార్టనర్ లెక్కలు అడగాలన్నా రిజిస్ట్రేషన్ ఉండాలన్నారు, సుప్రీంకోర్టు 2009లో అది కొట్టేసింది.

దావా నడుస్తుండగా రిజిస్టర్ చేయించుకున్నా చెల్లేలా చూడండి, ఆ వంద తీసేసి ఇవాళ్టి అంకె వెయ్యండి. మా డబ్బులు ఎలాగూ పోయినట్టే, మా వీధిలో ఇలా డీడ్ ఒక్కటే పట్టుకుని నడిపేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చుగానీ రాయడం రాదు, మా అబ్బాయి దీన్ని ఒడియాలో రాసి మీ ఆఫీసుకి పోస్ట్ చేస్తున్నాడు.