మా కొట్టులో రెడ్ అలర్ట్

సంపాదకులకు నమస్కారం.

కావలి దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్లో నాకు చిన్న కిరాణా కొట్టుంది. తుపాను కబురు వస్తే జనం ఏం చేస్తారో నా గల్లాపెట్టెకు తెలుసు. ముందు పాలప్యాకెట్లు, కొవ్వొత్తులు, రస్కులు అయిపోతాయి. తర్వాత ఇన్వర్టరు ఉంది గదా అని సెల్లులు తెచ్చి చార్జింగ్ పెట్టమంటారు. ఆ తర్వాత అందరూ కలిసి అలలు చూడ్డానికి ఒడ్డుకు పోతారు! బడిలో పెట్టే పునరావాస కేంద్రానికి పోయేది ఆఖర్న, అదీ కొందరే.

దీన్ని పేపర్లో నిర్లక్ష్యం అని రాస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. మా పక్కింటి పెద్దమ్మకు ఆరు మేకలున్నాయి. "బడిలోకి మేకల్ని రానీరు గదమ్మా, వాటిని వదిలి నాకు నిద్రెట్టా పడుతుంది?" అంటుంది. మగవాళ్లకు పడవ, వలలు. ఇంజను విప్పి ఇంట్లో పెట్టుకున్నా, ఆ ఇంటికి కాపలా ఎవరు?

పైగా టీవీలో చెప్పే హెచ్చరిక రంగు ఒకటి, రేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు ఒకటి. నంబర్లు మావాళ్లకు తెలుసు. మూడుకు ఒక లెక్క, పదికి ఇంకో లెక్క. రంగు మాత్రం జిల్లా అంతటికీ ఒకటే. ఉదయగిరి కొండల పక్కవాళ్లకూ మాకూ అదే ఎరుపు. ఎరుపంటే 20 సెంటీమీటర్లు దాటిన వాన. అది జిల్లాలో ఎక్కడో ఒకచోట పడొచ్చు, మా దగ్గర ఎండ కాయొచ్చు. బడికి సెలవిచ్చిన రోజు పిల్లలు క్రికెట్ ఆడితే, మరోసారి ఎవరు కదులుతారు?

2022లో మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర, 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాయి. "మన ఊరిని వదిలేస్తాయిలే వదినా" అంటాడు ఎదురింటి అబ్బాయి. 1989 నవంబరుకు వాడింకా పుట్టలేదు. ఆ తుపాను దాటింది మా కావలి దగ్గరే. నాకప్పుడు పదకొండేళ్లు. నాన్న రేడియో విన్నాడు, కదల్లేదు. సాయంత్రం మేనమామ వచ్చి, అమ్మ చేతిలో అన్నం గిన్నె లాక్కుని "నడవండి" అన్నాడు. అంతే, నడిచాం. తిరిగొచ్చేసరికి మా గోడలు నడుమెత్తు మిగిలాయి. తాటాకు కప్పు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. మామయ్య చెప్పింది రేడియో చెప్పిన మాటే. కానీ ఆయన గుమ్మంలోకి వచ్చి చెప్పాడు.

ఇప్పుడు హెచ్చరిక వస్తే సెల్లే సైరన్ లాగా మోగుతోంది. ఒకసారి కొట్టులో నాలుగు ఫోన్లు ఒక్కసారే మోగితే, ఒకాయన హడలిపోయి చదవకుండానే నొక్కి ఆపేశాడు. ఏమొచ్చిందన్నా అంటే "ఏదో గవర్నమెంటుదిలే" అన్నాడు.

అయ్యా, జిల్లా పేజీలో "నెల్లూరుకు ముప్పు" అని వేసే పెద్దక్షరాల చోట ఏ మండలంలో, ఏ పూట గాలి ఎక్కువో, ఏ ఊరివాళ్లు ఏ బడికి పోవాలో వేయండి. కొట్టు ముందు అంటిస్తాను, పాలకు వచ్చినవాళ్లు చదువుకుంటారు. మేకల్ని కట్టేసే చోటు కూడా చూపించమని అధికారుల చెవిన వేయండి. ఆ చోటు దొరికితే పెద్దమ్మను తీసుకుపోయే పూచీ నాది.

ఇట్లు,
ఒక కొట్టు యజమానురాలు,
కావలి మండలం, నెల్లూరు జిల్లా