"సార్లు పాఠం చెప్పడం లేదు" అంటున్న పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ టర్ములో మీలో చాలామంది ఒకే మాట అడిగారు. "ప్రజారోగ్యం డిగ్రీలో చేర్పించాం. క్లాసులో పాఠం చెప్పడం లేదట, అన్నీ వీళ్లచేతే చేయిస్తున్నారట, నిజమేనా?" అని. నిజమే. కావాలనే అలా చేస్తున్నాం.

మొన్న మొదటి సంవత్సరం క్లాసులో బల్లకు నలుగురిని కూర్చోబెట్టి, 1854 నాటి లండన్ సోహో మ్యాపూ, కలరాతో చనిపోయినవాళ్ల ఇళ్ల జాబితా ఇచ్చాం. అప్పట్లో ఆ కలరా నీళ్ల వల్లే వస్తోందని చూపిన డాక్టరు జాన్ స్నో పేరు ఎత్తలేదు. ఒక్కో చావుకు ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోతే, చుక్కలన్నీ బ్రాడ్ వీధి పంపు చుట్టూ మూగాయి. "నీళ్లే కారణం" అని పిల్లలు తేల్చేశారు. అప్పుడు మేడమ్ అడిగారు: "పంపు దగ్గర్లోనే ఉన్న బీరు కంపెనీలో 70 మందికి పైగా పనివాళ్లు. కలరాతో ఒక్కరూ పోలేదు. ఎందుకని?" ఎవరూ మాట్లాడలేదు. ఆవిడా నోరు విప్పలేదు. చాలాసేపటికి వెనక బల్ల అమ్మాయి, "వాళ్లు ఆ నీళ్లు తాగలేదేమో" అంది. అవును, వాళ్లకు తాగడానికి బీరు ఇచ్చేవారు, లోపల సొంత బావి కూడా ఉండేది. మరి దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక వితంతువు ఎందుకు పోయింది? రుచి బాగుందని రోజూ ఆ పంపు నీళ్లే తెప్పించుకునేది. లెక్కకు లొంగని ఇళ్లను వదిలేయకుండా పట్టుకోవడం లెక్చరు వింటే వచ్చే విద్య కాదని నా గట్టి నమ్మకం.

సర్వే పాఠమూ అంతే. "చేతులు కడుక్కుంటారా?" అని అడిగితే ప్రతి ఇంట్లోనూ "ఆ" అనే చెప్పారు. పిల్లలే ఆ ప్రశ్న కొట్టేసి, "చేతులు ఎక్కడ కడుక్కుంటారో చూపిస్తారా?" అని రాసుకున్నారు. అక్కడ సబ్బు, నీళ్లు ఉన్నాయో లేదో కళ్లతో చూసి వచ్చారు.

ఇలా చదివే పిల్లలకు ఏమీ నేర్చుకోనట్టే అనిపిస్తుంది. 2019లో అచ్చయిన హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది లెక్చరు విన్నవాళ్లు, పరీక్షలో ముందున్నది చేసి నేర్చుకున్నవాళ్లు.

ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. గ్రూపులో ఒకరు కష్టపడితే మార్కులు నలుగురికీ పడుతున్నాయి. వచ్చే నెల నుంచి ఎవరి ఫీల్డు పుస్తకానికి (బయట చూసినవీ, అడిగినవీ రాసుకునే పుస్తకం) వాళ్లకే మార్కులు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించమనండి. కొట్టివేతలు ఎక్కువగా ఉంటే కంగారుపడకండి, వాటిని మేమే చెరపనివ్వం.

మీ ప్రిన్సిపాల్