రెండో టీచరు ఎక్కడ?

సంపాదకుడి గారికి,

ప్రాథమిక పాఠశాలల్లో చదువు తీసికట్టయిందని ఎవరు మాట్లాడినా నింద చివరికి టీచర్ల మీదికే పోతుంది. టీచరు ఒక్కరే ఉన్న బడుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఐదు తరగతులకు ఒకే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు). ఒకటో తరగతి వాళ్ల చేత అక్షరాలు దిద్దించేసరికి ఐదో తరగతికి భాగహారం చెప్పే వేళ దాటిపోతుంది. మధ్యలో యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్ల లెక్క. ఆయన లీవు పెడితే కొన్ని బడులకు కలిపి ఉండే సీఆర్పీనో (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), పక్క ఊరి టీచరునో సర్దాలి. ఎవరూ దొరక్కపోతే ఆ రోజు బడి లేనట్టే.

ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని 1987లో, బడులకు కనీస వసతులు కల్పించే కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాడే అనుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఇంకా స్పష్టంగా ఉంది: పిల్లలు 60 మంది లోపు ఉన్నా ఇద్దరు ఉండాల్సిందే. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు అప్పగించొద్దని ఆ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. కోడిగుడ్ల లెక్క ఇందులో ఎక్కడికి వస్తుందో అధికారులే చెప్పాలి.

పదిహేను మంది పిల్లలకు ఇద్దరెందుకని అడుగుతారు. ఆ పదిహేను మందీ ఐదు తరగతుల వాళ్లు కదా! ఒక్క టీచరే ఉన్నాడని చూసి తల్లిదండ్రులు అప్పు చేసైనా పిల్లల్ని ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిస్తున్నారు. పిల్లలు తగ్గారని పోస్టు ఎత్తేస్తారు, పోస్టు పోయిందని మిగిలినవాళ్లూ వెళ్లిపోతారు.

రెండో మనిషి వస్తే ఏమవుతుందో మన దగ్గరే పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో వంద పల్లె బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. రెండేళ్ల తర్వాత లెక్కల్లో, తెలుగులో ఆ పిల్లలు మిగతా బడుల పిల్లల కన్నా ముందున్నారు. ఆ కాంట్రాక్టు టీచర్లు బడికి రాని రోజులు కూడా రెగ్యులర్ వాళ్ల కంటే తక్కువే (ఈ మాట మా టీచర్ల సంఘాలకు రుచించదని తెలుసు).

రోడ్డూ ఆటోలూ ఉన్నచోట చిన్న బడులు కలిపి తరగతికో టీచరును ఇస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ వాగు దాటాల్సిన ఏజెన్సీ గూడేల్లో ఆరేళ్ల పిల్లను పక్క ఊరికి పంపమనడం చదువు మానమనడమే. అక్కడ పిల్లల సంఖ్య చూడకుండా రెండో పోస్టు ఇవ్వాలి. ఆ పోస్టు నిండేదాకా విద్యా వలంటీరును పెట్టి, గౌరవ వేతనం నెలనెలా ఇవ్వాలి. వచ్చే బదిలీల కౌన్సెలింగ్‌కు ముందే ప్రతి మండలంలో ఏకోపాధ్యాయ పాఠశాలల జాబితాను ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయం బయట అంటించమని విద్యాశాఖను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఎస్జీటీ, పార్వతీపురం